అడగడం వేరు, ఆగడం వేరు: ఆస్ట్రేలియా పర్యావరణ చట్టాల్లో అబోరిజినల్ ప్రజల మాట

(పెర్త్ నగరంలో తెలుగువారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక సభ మొదలయ్యే ముందు ఒక అమ్మాయి చిన్న కాగితం చూసి, మనం కూర్చున్న ఈ నేల వాజుక్ నూంగార్ ప్రజలదని, వారి పెద్దలకు మన గౌరవం తెలుపుకుంటున్నామని చదివింది. ఉగాది కార్యక్రమమైనా, పిల్లల తెలుగు బడి వార్షికోత్సవమైనా, గణపతి ప్రార్థనతో పాటు ఈ నాలుగు వాక్యాలూ చదవడం మనకిప్పుడు అలవాటైపోయింది. మంచి అలవాటే. అయితే ఆ వాక్యాల్లో మనం ఒప్పుకుంటున్న సంగతి, అంటే ఈ నేల వారిదన్న సంగతి, ఒక కొండను తవ్వాలా వద్దా అని తేల్చే బల్ల దగ్గరికి వెళ్లేసరికి ఎంత మిగులుతుందన్నదే ఈరోజు నా విషయం.

ముందుగా నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను ఏళ్ల తరబడి గనుల అనుమతుల కోసం పర్యావరణ నివేదికలు తయారుచేసే ఉద్యోగం చేశాను. మీలో చాలామంది జీతంలాగే నా జీతం కూడా ఉత్తరాన ఇనుప గనులుండే పిల్బరా ఎర్రమట్టిలోంచి వచ్చిందే. ఆ నివేదికల చివర సంప్రదింపుల పట్టిక అని ఒకటి ఉంటుంది. తేదీ, ఎవరిని కలిశాం, ఎలా కలిశాం, వాళ్లేమన్నారు, దానికి మేమేం చేశాం అని ఐదు గడులు. ఒకసారి ఒక చిన్న ఊరి హాల్లో బల్ల మీద మ్యాపు పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా టీ కప్పులు పెట్టి కూర్చున్నాం. ఒక పెద్దావిడ మేము నీలిగీతతో చూపించిన వాగు మీద వేలు పెట్టి, దాని వెంబడే మ్యాపు అంచుదాకా, అంచు దాటి ఉత్త బల్ల మీదకు కూడా వేలు జరుపుకుంటూ వెళ్లారు. మా ప్రాజెక్టు హద్దు మ్యాపుతో ఆగిపోయింది కానీ ఆవిడ చెబుతున్న వాగు ఆగలేదు. రెండు గంటలు చెప్పారు. నేను తిరిగొచ్చి నాలుగో గడిలో ‘సాంస్కృతికపరమైన ఆందోళన వ్యక్తం చేశారు’ అని, ఐదో గడిలో ‘పరిగణనలోకి తీసుకున్నాం’ అని రాశాను. చట్టం మమ్మల్ని అడిగింది అంతవరకే కాబట్టి ఏ అధికారీ ఆ పట్టికను తిప్పి పంపలేదు.

అబోరిజినల్ ప్రజలు ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ‘కంట్రీ’ అన్న మాటను తమదైన అర్థంలో వాడతారు. అందులో నేల ఉంది, నీళ్లున్నాయి, ఆకాశం ఉంది, జంతువులున్నాయి, పూర్వీకులున్నారు, వాళ్లు పెట్టిపోయిన కట్టుబాట్లున్నాయి. మన నేల, మన పొలిమేర, మన ఇలవేల్పు మూడూ కలిపినా ఆ మాటకు సరిపోదు కనుక నేను దాన్ని అలాగే వాడుకుంటాను. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి. ఒక కంట్రీ తరఫున మాట్లాడే హక్కు అందరికీ ఉండదు. పుట్టుకను బట్టి, తెలిసిన విద్యను బట్టి, ఫలానా చోటు గురించి ఫలానావారే నోరు విప్పాలి. పక్క కంట్రీవారు, ఎంత పెద్దవారైనా, అక్కడ మౌనంగా ఉంటారు.

ఈ భావన వలసవాద న్యాయస్థానానికి ఎంత కొరుకుడు పడలేదో 1971 నాటి గోవ్ తీర్పులో కనిపిస్తుంది. ఉత్తర ప్రాంతంలోని (నార్తర్న్ టెరిటరీ) యోల్ంగు ప్రజలు తమ నేల మీద బాక్సైట్ గని వద్దని కోర్టుకెక్కారు. బాక్సైట్ పేరు వినగానే మన విశాఖ మన్యం గుర్తుకు రావడం సహజం. కేసు విన్న న్యాయమూర్తి బ్లాక్‌బర్న్, యోల్ంగు ప్రజలకు చాలా సూక్ష్మమైన, పకడ్బందీ న్యాయవ్యవస్థ ఉందని ఒప్పుకున్నారు. అయినా అది ఆస్తిహక్కు కాదన్నారు. నేల వారిది అనడం కంటే వారే నేలకు చెందినవారు అనడం నిజానికి దగ్గరగా ఉంటుందని ఆయన రాశారు. గమ్మత్తు చూడండి, కంట్రీ అంటే ఏమిటో ఆయనకు సరిగ్గా అర్థమైంది, అర్థమైన ఆ సంగతినే కేసు కొట్టేయడానికి కారణంగా చూపించారు.

ఆ ఓటమే రాజకీయంగా కదలిక తెచ్చింది. 1976లో ఉత్తర ప్రాంతానికి అబోరిజినల్ భూమి హక్కుల చట్టం వచ్చింది. ఈ దేశపు చట్టాలన్నింటిలోనూ నాకు గట్టిగా కనిపించేది ఇదే. ఎందుకంటే దీని ప్రకారం సంప్రదాయ హక్కుదారులు గనుల అన్వేషణ వద్దంటే మామూలుగా ఐదేళ్లపాటు కంపెనీ మళ్లీ అడగడానికి కూడా వీల్లేదు. అయితే ఈ చట్టం పుట్టిన రోజునే అందులో ఒక మినహాయింపు కూడా పెట్టారు. కకాడు జాతీయ పార్కు దగ్గర రేంజర్ యురేనియం గనికి మాత్రం మిర్రార్ ప్రజలు వద్దనే అధికారం వర్తించదని చట్టంలోనే రాశారు. ఆ గనిలో ఖనిజశుద్ధి 2021 జనవరిలో గాని ఆగలేదు. పక్కనే ఉన్న జబిలుకా నిక్షేపం దగ్గర మాత్రం 1998లో మిర్రార్ ప్రజలు వేలాదిమంది మద్దతుదారులతో దారి దిగ్బంధం చేశారు. 2005 ఒప్పందంతో తమ అనుమతి లేకుండా తవ్వరాదన్న మాట రాయించుకున్నారు. అక్కడ గని తెరుచుకోనే లేదు.

1992 మాబో తీర్పు గురించి మీకు తెలిసే ఉంటుంది. బ్రిటిష్‌వారు వచ్చేనాటికి ఈ ఖండం ఎవరికీ చెందని నేల అన్న సిద్ధాంతాన్ని హైకోర్టు తోసిపుచ్చింది. ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టుతో సమానం. మరుసటి ఏడాది, నేల మీద వారి సంప్రదాయ హక్కును (నేటివ్ టైటిల్) గుర్తించే నేటివ్ టైటిల్ చట్టం వచ్చింది. అందులో గనుల విషయంలో ఇచ్చింది చర్చించే హక్కు. వద్దనే హక్కు ఇవ్వలేదు. ఆరు నెలలు మాట్లాడుకోవాలి, కుదరకపోతే వ్యవహారం ట్రైబ్యునల్ ముందుకు వెళుతుంది. ట్రైబ్యునల్ కాదన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మన పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రంలోనే మార్టు ప్రజల పవిత్రమైన ఉప్పు సరస్సు దగ్గర 2009లో ఒక గనికి కాదంది. అలా పూర్తిగా నిరాకరించడం అదే మొదటిసారి, అప్పటికి చట్టం అమలులోకి వచ్చి పదిహేనేళ్లు. ఈ ఆరు నెలల గడువు ఉన్నంతకాలం బల్లకు అవతలివైపు కూర్చున్నవారికి తొందరేమీ ఉండదు. అబోరిజినల్ ప్రతినిధులకు మాత్రం, ఒప్పుకోకపోతే గనీ వస్తుంది, ఒప్పందం వల్ల వచ్చే డబ్బూ పోతుంది. వారు పెట్టే సంతకాన్ని అంగీకారం అనాలా అన్నది మీరే ఆలోచించండి.

ఇక మన రాష్ట్రం సంగతికి వస్తాను. ఇక్కడ కాసేపు ఆగుతాను.

పశ్చిమ ఆస్ట్రేలియాలో 1972 నాటి అబోరిజినల్ వారసత్వ చట్టం ఉంది. దాని 17వ సెక్షన్ పవిత్ర స్థలాలను పాడుచేయడం నేరం అంటుంది. వెంటనే వచ్చే 18వ సెక్షన్, భూమి యజమాని దరఖాస్తు పెట్టుకుంటే, కమిటీ సిఫార్సు చూసి మంత్రి అందుకు అనుమతి ఇవ్వవచ్చు అంటుంది. ఆ చట్టం దృష్టిలో యజమాని అంటే గని లీజు ఉన్న కంపెనీ కూడా. మంత్రి కాదంటే కంపెనీ అప్పీలుకు వెళ్లవచ్చు. మంత్రి ఔనంటే అబోరిజినల్ ప్రజలకు 2023 దాకా అప్పీలు ఉండేది కాదు. రక్షణ చట్టం అని పేరు పెట్టుకున్న ఈ చట్టాన్ని రోజువారీ పనిలో మేము వాడింది మాత్రం 18వ సెక్షన్ కోసమే. ఆఫీసులో దాన్ని ‘సెక్షన్ ఎయిటీన్’ అని ముద్దుగా పిలుచుకునేవాళ్లం. 17వ సెక్షన్ పేరు ఎవరి నోటా విన్న గుర్తు లేదు.

పిల్బరాలోని జూకన్ గార్జ్‌లో రెండు రాతి గుహలుండేవి. పూటు కుంటి కురామా, పినికురా అనే ప్రజలది ఆ కంట్రీ. రియో టింటో కంపెనీకి ఆ గుహలున్నచోట 18వ సెక్షన్ అనుమతి 2013లో వచ్చింది. మరుసటి ఏడాది, ఎలాగూ పోయేవే కదా అని, లోపలున్నవి బయటికి తీయడానికి తవ్వకాలు జరిపారు. అప్పుడు బయటపడింది ఆ చోటి విలువ. సుమారు 46,000 ఏళ్ల నుంచి మనుషులు ఆ గుహలో తలదాచుకుంటూ వచ్చారని తేలింది. కంగారూ ఎముకను చెక్కి చేసిన 28,000 ఏళ్లనాటి పనిముట్టు దొరికింది. వీటన్నింటికంటే నా మనసులో నిలిచిపోయింది ఒక జడ ముక్క. అనేకమంది తలవెంట్రుకలను కలిపి అల్లిన పట్టీలోని ముక్క అది, వయసు 4,000 ఏళ్లు. అందులోని డీఎన్ఏ పరీక్షిస్తే, ఈరోజు ఆ కంట్రీ తరఫున మాట్లాడుతున్న మనుషుల పూర్వీకులదే అని తేలింది. ఏ కోర్టయినా ఇంతకంటే గట్టి పట్టా అడగగలదా?

అనుమతి ఇచ్చింది 2013లో, విలువ తెలిసింది 2014లో. కొత్త సంగతి తెలిసింది కాబట్టి పాత అనుమతిని మళ్లీ చూడాలన్న నిబంధన అప్పట్లో ఆ చట్టంలో లేదు. ఆ గనికి నాలుగు నమూనాలు ఆలోచించామని, మూడింటిలో గుహలకు ఏమీ కాదని, నాలుగోదాని వల్ల సుమారు 13.5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల విలువైన ఇనుప ఖనిజం అదనంగా దొరుకుతుందని, ఆ నాలుగోదాన్నే ఎంచుకున్నామని కంపెనీయే తర్వాత పార్లమెంటు విచారణకు తెలియజేసింది. నాలుగు దారులున్నట్టు హక్కుదారులకు చెప్పలేదు. పెళ్లి పందిరి వేసేశాక పిల్ల ఇష్టం అడిగినట్టు, అప్పటికే ఖాయమైన ఒక్క దారినే వారి ముందు పెట్టారు.

2020 మేలో, జూలైలో జరిగే వారి ఉత్సవ వారానికి ఆ చోటు చూసి వస్తామని హక్కుదారులు అడిగితే, పేలుడు మందు అమరుస్తున్న సంగతి బయటపడింది. వారి లాయర్లు ఫెడరల్ మంత్రుల కార్యాలయాలను కూడా ఆశ్రయించారు. కొండలో దట్టించిన మందును బయటికి తీయడం ప్రమాదమని జవాబొచ్చింది. మే 24 ఆదివారం నాడు పేల్చేశారు. కంపెనీ ముఖ్య కార్యనిర్వహణాధికారి, మరో ఇద్దరు ఉన్నతాధికారులు పదవులు వదలాల్సి వచ్చింది. పార్లమెంటు కమిటీ విచారణ జరిపి రెండు నివేదికలిచ్చింది. కానీ అంతా చదివాక తేలే అసలు సంగతి, జరిగినది చట్టబద్ధం అన్నదే. ఎవరి మీదా కేసు లేదు, ఎందుకంటే 18వ సెక్షన్ కాగితం సక్రమంగా ఉంది.

ఆ సిగ్గుతో రాష్ట్ర ప్రభుత్వం 2021లో కొత్త చట్టం చేసింది, 2023 జూలై 1న అమలులోకి తెచ్చింది. అప్పుడేం జరిగిందో ఇక్కడున్న చాలామందికి గుర్తుండాలి. 1,100 చదరపు మీటర్లకంటే చిన్న ఇంటి స్థలాలకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఉండేది. అంతకంటే పెద్ద స్థలంలో తవ్వే పని చేయాలంటే, పని తీవ్రతను బట్టి అనుమతులు అవసరమయ్యేవి. నగరం అంచున ఐదెకరాలు కొనుక్కున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, కంచె గుంజ పాతాలన్నా, కరివేపాకు మొక్క నాటాలన్నా అబోరిజినల్ పెద్దల సంతకం కావాలట అని సందేశాలు తిరిగాయి. అందులో అతిశయం ఉంది, చట్టం నియమాలు ఆలస్యంగా, గందరగోళంగా వచ్చాయన్న నిజమూ ఉంది. రైతులు మండిపడ్డారు. ఐదు వారాలకే, ఆగస్టు 8న, ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివారు) రోజర్ కుక్ చట్టాన్ని రద్దు చేస్తున్నామన్నారు. మళ్లీ 1972 చట్టమే వచ్చింది. కొన్ని సవరణలు చేశారని చెప్పకపోతే అన్యాయం. మంత్రి నిర్ణయం మీద ఇప్పుడు నేటివ్ టైటిల్ ఉన్నవారు కూడా ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు, అనుమతి వచ్చాక కొత్త సంగతి ఏదైనా తెలిస్తే కంపెనీ మంత్రికి చెప్పి తీరాలి. జూకన్‌లో లోపించిన రెండు అంశాలూ చేరాయి. చివరి మాట మాత్రం ఇప్పటికీ మంత్రిదే.

మరి ఫెడరల్ ప్రభుత్వపు పర్యావరణ చట్టం ఏం చేస్తోందని మీరు అడగవచ్చు. 1999 నాటి ఆ చట్టం అంతరించిపోతున్న జాతులను, ప్రపంచ వారసత్వ ప్రదేశాలను, చిత్తడి నేలలను జాతీయ ప్రాముఖ్యం గల అంశాలుగా లెక్కిస్తుంది. అబోరిజినల్ వారసత్వం తనంతట తాను ఆ జాబితాలో లేదు. ఒక ప్రాజెక్టు ప్రతిపాదన వచ్చినప్పుడు మొదటి దశలో ప్రజాభిప్రాయానికి ఇచ్చే గడువు 10 పనిదినాలు. నేను రాసిన నివేదికలు కొన్ని వందల పేజీలుండేవి. ఇంటర్నెట్ సరిగా అందని ఎడారి ఊళ్లో, ఇంగ్లీషు మూడో భాషో నాలుగో భాషో అయిన పెద్దలు, ఎవరి అనుమతి ఎవరు తీసుకోవాలో తమ పద్ధతిలో తేల్చుకుని, పది రోజుల్లో జవాబు రాయాలట! 2020లో గ్రేమ్ శామ్యూల్ ఈ చట్టాన్ని సమీక్షించి, అబోరిజినల్ ప్రజల భాగస్వామ్యం మొక్కుబడిగా తయారైందని మొహమాటం లేకుండా రాశారు. వారి భాగస్వామ్యానికి ఒక జాతీయ ప్రమాణం ఉండాలన్నారు. 2025 నవంబరు చివర పార్లమెంటు పెద్ద సవరణలు ఆమోదించి, కొత్త జాతీయ పర్యావరణ పరిరక్షణ సంస్థకు దారి వేసింది. ప్రమాణాలు ఎంత పదునుగా రాస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

కోర్టులు కొన్నిసార్లు చట్టంలోని చిన్న మాటకు పెద్ద ప్రాణం పోస్తాయి. సముద్ర చమురు నిబంధనల్లో, తవ్వకానికి ముందు సంబంధిత వ్యక్తులను సంప్రదించాలన్న మాట ఉంది. డార్విన్‌కు ఉత్తరాన టివీ దీవులకు దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో శాంటోస్ కంపెనీ గ్యాస్ బావులు తవ్వబోయింది. మునుపి వంశానికి చెందిన డెనిస్ టిపకాలిప్పా, మమ్మల్ని ఎవరూ అడగలేదని కోర్టుకెళ్లారు. ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి దీవికే వెళ్లి సాక్ష్యం విన్నారు. సముద్రంతో తమ బంధాన్ని ఆ ప్రజలు పాటగా, ఆటగా కూడా ఆయన ముందు చూపించారు. నా ఐదు గడుల పట్టికలో పాటకు చోటెక్కడుంది? 2022 సెప్టెంబరులో న్యాయమూర్తి, డిసెంబరులో అప్పీలు ధర్మాసనం, సాంస్కృతిక, ఆధ్యాత్మిక బంధం కూడా చట్టం చెప్పే ప్రయోజనమేనని, కాబట్టి వారిని అడిగి తీరాలని తీర్పు చెప్పారు. అయితే అదే ప్రాజెక్టు పైప్‌లైన్ మీద వేసిన మరో కేసు 2024 జనవరిలో వీగిపోయింది. సముద్రగర్భంలోని పవిత్ర స్థలాల గుర్తింపు కోసం తయారుచేసిన పటం నమ్మదగినది కాదని కోర్టు గట్టిగా తప్పుపట్టింది. సంస్కృతిని కోర్టు భాషలోకి మార్చే పని నిపుణుల చేతిలో పడితే ఎంత నష్టమో ఆ కేసు చూపింది. పైగా మొదటి గెలుపు కూడా అడగమన్నదే గాని, ఆగమన్నది కాదు. అడిగాక కంపెనీ ముందుకే వెళ్లింది.

అబోరిజినల్ ప్రజలందరూ ఒకే మాట మీద ఉంటారనుకోవడం మరో పొరపాటు. న్యూ సౌత్ వేల్స్‌లో బెలుబుల నది పుట్టేచోట ఒక బంగారు గని వ్యర్థాల ఆనకట్ట కట్టబోతే, 2024 ఆగస్టులో ఫెడరల్ మంత్రి టాన్యా ప్లిబర్సెక్ అక్కడి వారసత్వాన్ని కాపాడాలని దాన్ని ఆపారు. విరాజురి సంప్రదాయ హక్కుదారుల సంఘం ఒకటి ఆపమని కోరింది, చట్టబద్ధంగా ఏర్పడిన స్థానిక భూమి మండలి మాత్రం తమకు అభ్యంతరం లేదంది. కంట్రీ తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు వారి కట్టుబాట్లలో ఉంటుంది, మనం తయారుచేసిన సంఘాల రిజిస్టర్లలో దొరకదు. క్వీన్స్‌లాండ్‌లో అదానీ బొగ్గు గని విషయంలోనూ వాంగాన్, జగలింగు ప్రజలు రెండుగా చీలారు. 2016 నాటి ఒప్పంద సమావేశం చెల్లుతుందా లేదా అని కోర్టుల్లో ఏళ్లపాటు వాదన నడిచింది. చివరికి 2019 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం 1,385 హెక్టార్ల మీద నేటివ్ టైటిల్‌నే రద్దు చేసింది. ఆ గని యజమాని మనదేశం కంపెనీ కావడం వల్ల ఇక్కడ మన మొహం కాస్త చిన్నబోతుంది.

మనదేశం మాట వచ్చింది కాబట్టి ఒక పోలిక. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వరాదని చెప్పింది. అలా భూమి గిరిజనేతరులకు పోకూడదనే 1970 నాటి 1/70 నిబంధన అంటే మన్యంలో పిల్లవాడికి కూడా తెలుసు. 2013లో ఒడిశాలోని నియమగిరి విషయంలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, గ్రామసభలే తేల్చాలంది. డొంగ్రియా కోందుల కొండ మీద బాక్సైట్ తవ్వకం వద్దని 12 గ్రామసభలకు 12 గ్రామసభలూ తీర్మానించాయి, గని రాలేదు. మన మన్యంలో ఈ చట్టాలను ఎలా తూట్లు పొడుస్తారో నాకు తెలియనిది కాదు. కానీ ఊరు కూర్చుని, చేతులెత్తి, వద్దంటే ప్రాజెక్టు ఆగడం అనే సంఘటన ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో చట్టం ద్వారా జరగడం చాలా అరుదు.

జరిగినచోట ఎలా ఉంటుందో ఉలూరు చూడండి. 1985 అక్టోబరు 26న ఆ శిలను అనంగు ప్రజలకు తిరిగి ఇచ్చారు. వారు దాన్ని 99 ఏళ్లకు జాతీయ పార్కుగా ప్రభుత్వానికే లీజుకిచ్చారు, పార్కు మండలిలో మెజారిటీ మాత్రం వారిదే. శిల ఎక్కవద్దని వారు దశాబ్దాలపాటు బోర్డు పెట్టి అడిగారు. జనం ఆ బోర్డు ముందు ఫొటో దిగి మరీ ఎక్కారు. 2017లో మండలి ఓటేసి, 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడాన్ని మూసేసింది. ముందురోజు గొలుసు పట్టుకుని బారులు తీరిన వరుస టీవీలో మీరంతా చూసే ఉంటారు. బోర్డు అడిగినన్నాళ్లూ ఆ వరుస ఆగలేదు, మండలి మెజారిటీ చేసిన తీర్మానం అమలయ్యాకే ఆగింది.

సమయం అయిపోయిందని అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ఇక ప్రశ్నలు అడగండి. 2023 జూలైలో ఐదెకరాలు కొన్నవారు ముందు అడిగినా నాకు అభ్యంతరం లేదు.